ఆటల కంప్యూటర్: కొత్తదా, పాతదా?

ఆటలాడుకోవడానికి కంప్యూటర్ కావాలని బిడ్డ కోరినప్పుడు మధ్యతరగతి తల్లిదండ్రుల ముందు రెండు మార్గాలుంటాయి. ఒకటి కొత్తది కొనడం. రెండవది, ఇతరులు వాడి విడిచినదాన్ని బాగుచేసి అమ్మే 'రీఫర్బిష్డ్' కంప్యూటర్‌ను కొనడం. ఏది మేలో నిర్ణయించే ముందు బిడ్డ ఆడదలచిన ఆటలేవో, వాటికి కావలసిన కనీస సామర్థ్యమెంతో తెలుసుకోవాలి.

కార్యాలయాలు కొన్నేళ్ల తరువాత తొలగించిన కంప్యూటర్లే ఎక్కువగా ఇలా తక్కువ వెలకు అంగడికి చేరుతాయి. వీటిలో చాలావాటికి ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు ఉండదు. ఆటలోని దృశ్యాలను వేగంగా చిత్రించేది ఆ కార్డే. దానిని తరువాత అమర్చుకోవచ్చునని కొందరు ఆశిస్తారు. కాని సన్నని పెట్టెలో పెద్ద కార్డుకు చోటు చాలదు. చిన్న పవర్ సప్లై దానికి తగిన విద్యుత్తును అందించలేదు.

కంప్యూటర్ వయస్సునూ గమనించాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు, ఇంటెల్ ప్రాసెసరైతే, సాధారణంగా ఎనిమిదవ తరానిదో అంతకంటే కొత్తదో కావాలి. అంతకు ముందరి తరం యంత్రం ఎంత చౌకగా దొరికినా కొనకపోవడమే క్షేమం.

అలాగని కొత్తదనమొక్కటే అర్హత కాదు. గ్రాఫిక్స్ కార్డు లేని కొత్త కంప్యూటర్ కంటే, మంచి కార్డూ తగిన పవర్ సప్లైయీ ఉన్న పాతదే ఆటకు అనువైనది. అయితే దుకాణంలోనే ఆటను కొంతసేపు ఆడించి చూడాలి. వారంటీని రాతపూర్వకంగా తీసుకోవాలి. వెల కంటే ముందు అవసరాన్ని విచారించిన ఇంట ధనమూ వృథా కాదు, బిడ్డ ఆశా భంగపడదు.