పలుకని అక్షరముల కథ

ఆంగ్లభాష నేర్చుకొను బాలునకు మొదట ఎదురగు చిక్కు వర్ణక్రమము. అప్పు అను అర్థముగల 'డెట్' అను మాటలో 'బి' ఎందులకు? ద్వీపమునకు పేరైన 'ఐలండ్'లో 'ఎస్' ఏల? యోధుడను అర్థముగల 'నైట్'నకు ముందు 'కె' ఎచ్చటినుండి వచ్చినది? "అది అంతే, వ్రాయుము" అని ముందునకు సాగుట సులభము. బాలుడు ఆ మాటను పదిమార్లు వ్రాసి కంఠస్థము చేయును. పరీక్షలో మరల తప్పి, తానే మందబుద్ధినని క్రుంగిపోవును. నిజమునకు ఆ పలుకని అక్షరములలో పెక్కింటికి చెప్పదగిన కథ కలదు.

'డెట్' ఫ్రెంచి భాషనుండి వచ్చిన కాలమున ఆంగ్లేయులు దానిని 'బి' లేకయే వ్రాసెడివారు. పిదప లాటిన్ విద్యపై మోజు హెచ్చినది. ఆ మాటకు మూలము 'డెబిటుమ్' అని గుర్తించిన పండితులు, మూలమునందలి గౌరవముచే 'బి'ని చేర్చిరి. నాలుక మాత్రము వారి ఆజ్ఞను పాటింపలేదు.

'ఐలండ్' కథ మరింత విచిత్రమైనది. అది అచ్చమైన ఆంగ్లపదము; లాటిన్‌తో దానికి చుట్టరికము లేదు. కాని లాటిన్ 'ఇన్సులా'నుండి ఫ్రెంచి ద్వారా వచ్చిన 'ఐల్' అను మాటలో 'ఎస్' ఉండుట చూచి, రెండును ఒకే కుటుంబమునకు చెందినవని భ్రమపడి దీనికిని 'ఎస్' తగిలించిరి. మొదటిది పాండిత్యఫలము, రెండవది పాండిత్యపు పొరపాటు. నేడు రెండును శుద్ధరూపములే!

ఇక 'నైట్'లోని 'కె' ఒకప్పుడు నోట పలికినదే. నడుమ గల 'జి', 'హెచ్' అను అక్షరములును ఒక కంఠధ్వనికి గురుతులు. విలియం కాక్‌స్టన్ 1476లో వెస్ట్‌మినిస్టరున ముద్రణాలయమును నెలకొల్పెను. అచ్చు వ్యాపించిన కొలది వ్రాత స్థిరపడినది. ఉచ్చారణ మారుచునే పోయినది. తెలుగువారికి ఇది వింత కాదు. శకటరేఫము సాధురేఫమువలెనే పలుకబడుచున్న కాలమునందును లాక్షణికులు వ్రాతలో ఆ భేదమును పాటించిరి.

వ్రాత స్థిరపడక మునుపు ఎవరి ఇచ్చ వారిది. షేక్‌స్పియరు చేవ్రాళ్లు ఆరు నిలిచియున్నవి. వానిలో ఒక్కటియు నేడు అచ్చులో కనబడు వర్ణక్రమములో లేదు. నేటి తరగతిలో ఆ మహాకవి తన పేరునకే మార్కులు పోగొట్టుకొనును.

తరువాత సంస్కర్తలు బయలుదేరిరి. అమెరికాలో నోవా వెబ్‌స్టరు తన 1828 నాటి నిఘంటువున 'కలర్'నుండి 'యు'ను తొలగించెను. అది అచ్చట నిలిచినది. నాలుకకు పేరైన 'టంగ్'ను విన్నట్లే వ్రాయవలెనని వాదించెను, అది నిలువలేదు. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు మూడువందల మాటలకు సులభరూపములు వాడుమని ప్రభుత్వ ముద్రణాలయమును ఆజ్ఞాపించెను. కాంగ్రెసు ఎదిరించుటచే ఆ యేడే వెనుకకు తగ్గవలసివచ్చినది.

ఇట్టి చిల్లర విశేషములను ఆంగ్లమున 'ట్రివియా' అందురు. దాని మూలమగు లాటిన్ పదమునకు మూడు త్రోవలు కలియు చోటు అని అర్థము. మధ్యయుగపు ఐరోపా విద్యాలయములలో వ్యాకరణము, తర్కము, అలంకారశాస్త్రము అను మూడింటికి కలిపి 'ట్రివియమ్' అని పేరు. అల్పమని త్రోసిపుచ్చబడు మాట ఒకనాడు చదువునకు తొలిమెట్టు!

అయితే వింతపై రుచి ఉన్నచోట విచారణయు ఉండవలెను. 'లాఫ్'లోని 'జి-హెచ్', 'విమెన్'లోని 'ఓ', 'నేషన్'లోని 'టి-ఐ' కూర్చి 'ఫిష్' అని చదువవచ్చునను చమత్కారము బెర్నార్డు షాదని లోకమున ప్రచారము. ఆయన జన్మించినది 1856లో. ఆ చమత్కారము 1855 నాటి ఒక లేఖలోనే కలదు.

'డెట్'లో 'బి' మరచిన విద్యార్థి తప్పును దిద్దవలసినదే. కాని ఆ చిక్కు తన మందబుద్ధివలన పుట్టినది కాదని, నాటి పండితులు పెట్టిన ముడియని తెలిసిన బాలునకు ధైర్యము కలుగును. ఆ అక్షరమును మరల మరువడు. తప్పు దిద్దుటకు నేడు యంత్రములు కలవు. ఎందులకని అడిగిన పసివానికి ఈ కథ చెప్పవలసినవాడు మాత్రము తరగతిలోని ఉపాధ్యాయుడే.