నేపర్‌విల్ పెరటికి ఏ బాతు?

నేపర్‌విల్ రివర్‌వాక్ మీద నడుస్తుంటే డ్యూపేజ్ నదిలో ఆకుపచ్చ తల బాతులు కనిపిస్తాయి కదా? అవి మల్లార్డ్‌లు. మనుషులు పెంచే బాతుల్లో మస్కోవీ తప్ప మిగతావన్నీ వీటి వంశమే.

మరి పెరట్లో ఏ జాతిని పెంచాలి? ముందు చలి సంగతి చూడాలి. ఇల్లినాయ్ శీతాకాలంలో నీళ్లు గడ్డకట్టిపోతాయి. అయినా మల్లార్డ్ వంశపు బాతులు తట్టుకుంటాయి. ఎలా? వాటి కాళ్లలో కిందికి దిగే వేడి రక్తం, పైకెక్కే చల్లని రక్తం పక్కపక్క నాళాల్లోనే పారుతాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి ఇచ్చేస్తుంది. పాదాలు చల్లబడినా ఒంట్లో వేడి తగ్గదు. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి!

మస్కోవీ పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాల వెచ్చని ప్రాంతాలు. దాని ముఖం మీద ఈకలుండవు, ఆ ఎర్రని చర్మం గడ్డకట్టే చలికి దెబ్బతినవచ్చు. కానీ అది పెద్దగా అరవదు, ఇరుగుపొరుగుకు ఇబ్బంది ఉండదు.

తెల్లని పెకిన్ 1873లో చైనా నుంచి అమెరికా వచ్చింది. త్వరగా బరువెక్కుతుంది కనుక మాంసానికి పెంచుతారు.

గుడ్లకైతే నా ఓటు ఖాకీ క్యాంప్‌బెల్‌కే. ఇంగ్లండ్‌లో అడెల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ తీర్చిదిద్దిన జాతి ఇది. ఆంధ్రలోనూ పెంచుతారు. మేత బాగుంటే ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది, పొదగడం మాత్రం అరుదు.

బాతు ఒంటరిగా ఉండలేదు, జోడు తప్పనిసరి. తెచ్చే ముందు అమ్మానాన్నలతో కలిసి నగర నిబంధనలు కనుక్కోండి.