ఆఫీసులో రేడియో ఎందుకు పలకదు?

ఇంటి వరండాలో ఖంగుమని పలికే రేడియో ఆఫీసు బల్ల మీదికి రాగానే బరబరమంటుంది. సెట్టు పాడైందని చాలామంది మెకానిక్ దగ్గరికి పట్టుకెళతారు. సెట్టుకేమీ కాలేదు. రావలసిన తరంగం గదిలోకి రావడం లేదు. గదిలో పుట్టే రొద మాత్రం సెట్టులోకి దూరుతోంది. రెండింటికీ వైద్యం వేరు.

ముందు తరంగం సంగతి. ఆకాశవాణి హైదరాబాద్ ‘ఎ’ కేంద్రం మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్. ఆ తరంగం పొడవు సుమారు 406 మీటర్లు. అదే ఊళ్లో వివిధ భారతి ఎఫ్.ఎం. 102.8 మెగాహెర్ట్జ్. దాని పొడవు మూడు మీటర్ల లోపే. ఇక కట్టడం చూడండి: స్లాబులో, స్తంభాల్లో ఇనుప చువ్వలు, ఫాల్స్ సీలింగుకు లోహపు ఫ్రేములు, బయట అల్యూమినియం పలకలు. మొత్తం కలిసి ఓ పెద్ద జల్లెడ. కంత కన్నా లావు గింజ దిగనట్టే, కిటికీ కన్నా ఎన్నో రెట్లు పొడవైన మీడియం వేవ్ లోపలికి రావడం మహా కష్టం. ఎఫ్.ఎం. కొంత నయం. అయితే ఎండ వేడి ఆపడానికి కొన్ని మేడల అద్దాలకు పల్చటి లోహపు పూత వేస్తారు. వెలుతురు వస్తుంది కానీ ఎఫ్.ఎం. బాగా నీరసిస్తుంది.

కాబట్టి ఎఫ్.ఎం. కావాలంటే కిటికీ దగ్గరికి వెళ్లండి, వీలైతే ప్రసార టవరు ఉన్న వైపు. గోడలకు తగిలి తిరిగొచ్చే తరంగాలు ఒకచోట బలపడి మరోచోట చచ్చుబడతాయి. ఆ రెండు చోట్లకూ మధ్య రెండున్నర అడుగులే ఉండవచ్చు. బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు జరిపి చూడండి. ఏరియల్‌ని నిలువుగా, ఏటవాలుగా, అడ్డంగా పెట్టి వినండి. మోనో స్విచ్ ఉంటే వేయండి, స్టీరియోకి మరింత బలమైన సిగ్నల్ కావాలి. ఫోన్‌లోని ఎఫ్.ఎం.కి ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్. దాన్ని చుట్ట చుట్టి పెట్టకండి.

మీడియం వేవ్‌కి పైకి లాగే ఏరియల్‌తో పనిలేదు. సెట్టు లోపల తీగ చుట్టిన ఫెరైట్ కడ్డీయే దాని చెవి. కడ్డీ కొస కేంద్రం వైపు ఉంటే శబ్దం సన్నగిల్లుతుంది, పక్క భాగం అటు తిరిగితే పెరుగుతుంది. అందుకే సెట్టునే మెల్లగా తిప్పాలి.

ఇక రొద. ల్యాప్‌టాప్ చార్జర్లు, ఎల్.ఇ.డి. దీపాలు, మానిటర్లు మీడియం వేవ్ నిండా గోల చేస్తాయి. దొంగను పట్టే ఉపాయం ఒకటుంది. సెట్టును బ్యాటరీల మీద నడుపుతూ, ఏ కేంద్రమూ రాని చోట ముల్లు పెట్టి, బల్ల చుట్టూ తిప్పండి. గరగర ఎక్కడ హెచ్చితే దోషి అక్కడే. నా మాట వింటే, కొత్త సెట్టు కొనేముందు ఆ చార్జరు ప్లగ్గు తీసి చూడండి.

కిటికీ తెరుచుకుంటే ఇన్సులేషన్ ఉన్న తీగ కొన్ని మీటర్లు బయటికి వదిలి, లోపలి కొసను సెట్టు చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పినా మీడియం వేవ్ మెరుగవుతుంది. కరెంటు తీగలకు దూరంగా ఉంచాలి. ఉరుములకు ముందే తీసేయాలి, అందులో మొహమాటం వద్దు.

అద్దాలు తెరుచుకోని మేడ నడిమధ్యనో బేస్‌మెంటులోనో కూర్చునేవారికి ఇవేవీ అంతగా సాయపడవు. వాళ్లకు ఆకాశవాణి ప్రసారాలు వినిపించే న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ఉంది. ఇంటర్నెట్ దారిలో ప్రసారం కొన్ని సెకన్లు వెనకబడుతుంది గనుక, వార్తలకు ముందు వచ్చే బీప్‌లతో గడియారం సరిచేసుకోవడం మాత్రం కుదరదు.