మా మేనకోడలి చిత్రలేఖనము

బాణాసురుని మంత్రియగు కుంభాండుని కూఁతురు చిత్రలేఖ. ఉష తాను కలలోఁ గనిన రాకుమారుఁ డెవ్వఁడో తెలియక కుందుచుండఁగా, చిత్రలేఖ దేవతల, గంధర్వుల, మనుష్యుల రూపములను వరుసగా వ్రాసి చూపి, అనిరుద్ధుని గుర్తింపఁజేసినదని భాగవతకథ. ఇది మన యిండ్లలోఁ బెక్కుమాఱులు చెప్పుకొన్నదే. కాని, సోదరీమణులారా, ఆ చిత్రలేఖ కా విద్య యెట్లబ్బినదో, ఆమె యెన్ని రూపములు వ్రాసి చెఱిపినదో, “ఈ గీఁతలు కూడు పెట్టునా” యని యింటివారెన్నిమాఱులు కసరిరో మన కెవ్వరును జెప్పలేదు. గత సంవత్సరము మా మేనకోడలి విషయమున మా కీ ప్రశ్నలే యెదురైనవి.

ఆ బాలిక రాజమహేంద్రవరమున వాణిజ్యశాస్త్రమున డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచుండెను. ఒకనాఁడు మా అన్నగారు ఫోనుచేసి, “చెల్లీ, పిల్ల రాత్రి రెండుగంటలదాఁక బొమ్మలు గీయుచునే యున్నది. మొన్నటి పరీక్షలో నొక సబ్జెక్టు తప్పినది. బ్యాంకు పరీక్షలకుఁ జదువుమన్న వినదు. నీ మాటయైన వినునేమో చూడుము” అని దీనముగాఁ బలికిరి. మా వారు ఉపాధ్యాయులగుటచేతను, మేము నాలుగు కావ్యములు చదువుకొన్నవార మగుటచేతను మా మాటకు బంధువులలోఁ గొంత మన్నన కలదు. హితబోధ చేయవలసిన వాక్యములన్నియు రైలులోనే కూర్చుకొని బయలుదేఱితిమి.

ఆ వాక్యము లక్కఱకు రాలేదు. పిల్ల మమ్ముఁ బ్రక్కనఁ గూర్చుండఁబెట్టుకొని తన పని చూపినది. పుస్తకమంత నల్లని పలక యొకటి, దానికొక కలము. కలమున సిరా లేదు. పలకపై గీచినది యెదుటనున్న పాత ల్యాప్‌టాప్ తెరపైఁ గనఁబడును. చేయి యొత్తిన కొలఁది గీఁత లావగును, తేల్చినఁ బలుచనగును. ఈ యొత్తిడిని 8192 మెట్లుగా గుర్తించు పలకలును గలవఁట. గీఁత లొక పొరపై, రంగులు వేఱొక పొరపై, నీడలు మఱియొక పొరపై నుండుటచే నొకటి దిద్దిన రెండవది చెడదు. ఆమె వాడు క్రీటా యను సాధనము ఉచితముగా దొరకునదే.

“ఇంత సులువుగాఁ జెఱుపవచ్చునన్న నిఁక నేర్పేమున్నది?” అంటిమి. పిల్ల నవ్వి కలము మా చేతి కిచ్చినది. ఇరువదియేండ్లుగా వాకిట ముగ్గు పెట్టుచున్న చేయి మాది. చేయి యొకచోట, చూపొకచోట నుండవలసివచ్చుటచే నాలుగు చుక్కల ముగ్గునకే వంకరపోయితిమి.

తరువాత తన తొలి బొమ్మలు చూపినది. వానిలోని స్త్రీలందఱు చేతులు వెనుకకుఁ గట్టుకొనియే యుండిరి. కారణమడుగఁగా, “నాకుఁ జేతులు వ్రాయుట రాదు, అత్తయ్యా, అందుకే దాఁచితిని” అన్నది. పిదప మూఁడునెలలు తల్లి చేతులనే వ్రాసినదఁట. గోంగూర వలుచు చేతులు, పిండి పిసుకు చేతులు, కొంగు చెక్కుకొను చేతులు. తన చేతుల నొకరు చూచి వ్రాయుచున్నారని మా వదినగారికి నాఁటివఱకుఁ దెలియదు. ఆమె యా బొమ్మలముందు నిలిచి, మణికట్టుపై నూనె చింది కాలిన మచ్చను వ్రేలితోఁ దడవి చూచుకొనిరి.

అపజయమును దాఁచలేదు. ఒక శుభలేఖల వ్యాపారికి బొమ్మ వ్రాసి యిచ్చినదఁట. తెరపై మెఱిసిన రంగు లచ్చులో మసకబాఱినవి. తెరపై రంగులు ఎఱుపు, ఆకుపచ్చ, నీలపు వెలుఁగులు కలియుటచేఁ బుట్టును; అచ్చున నాలుగు సిరాలచేఁ బుట్టును. తెరపై వెలిఁగెడి ప్రతి రంగును సిరా చూపఁజాలదు. అది తెలియక చెడిన పనికి, వ్రాఁతపూర్వకమగు నొడంబడిక లేకపోవుటయుఁ దోడై, సగము సొమ్మే చేతికి వచ్చినది. నాఁటినుండి షరతులు వ్రాసికొని, సగము ముందుగాఁ దీసికొనినఁగాని కలము పట్టుటలేదు. మా అన్నగారు గుమ్మమున నిలిచి యిది విని, “ఈ బుద్ధి నాకు నలువదేండ్లకుఁ గాని రాలేదు” అనిరి.

ఇఁక జీవనోపాధి మాట. 2012లో వచ్చిన ‘ఈగ’ చిత్రమందలి యీఁగయు, 2015లో వచ్చిన ‘బాహుబలి’ యందలి మాహిష్మతియుఁ గంప్యూటర్లపై నెందఱో చిత్రకారులు శ్రమించిన ఫలమే. పిల్లల పుస్తకములకు, ఆటలకు, ప్రకటనలకు నిట్టివారు కావలయును. అహమ్మదాబాదున 1961లో వెలసిన జాతీయ డిజైన్ సంస్థవంటిది 2015 నుండి ఆంధ్రప్రదేశమునఁ గూడఁ గలదు. హైదరాబాదున 2008లో నెలకొన్న జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు లలితకళల విశ్వవిద్యాలయమును గలదు.

అయినను మా అన్నగారి భయము నిరాధారము కాదు. 2022 నుండి మాటలు చెప్పిన బొమ్మ వ్రాయు యంత్రబుద్ధులు జనసామాన్యమునకు అందినవి. ఆ మాట యెత్తఁగా, “యంత్రము గోంగూర వలుచు చేతిని వ్రాయును. అమ్మ చేతిమచ్చ యెచ్చట నుండవలయునో చెప్పుటకు నే నుండవలదా?” అని పిల్ల యన్నది. మాట బాగున్నది; కాని దానివలన మా భయము పూర్తిగాఁ దీఱలేదు. చిన్నపనులు కొన్ని యంత్రముపాలగునని యామెయు నెఱుఁగును.

మఱునాఁ డామెతో దామెర్ల రామారావుగారి చిత్రశాలకుఁ బోయితిమి. 1897లోఁ బుట్టిన యా మహనీయుఁడు 1925లోనే గతించెను. ఆయన భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే. పిల్ల యొక్కొక్క పటమున చేతులనే చూచుచు నడచినది. రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని యశోధరుఁడు చెప్పిన చిత్రకళ యాఱంగములను మేము చెప్పఁగా, వెంటనే వ్రాసికొన్నది. “మిగిలినవి సాధనచే వచ్చునేమో, భావ మెట్లు వచ్చును, అత్తయ్యా?” అని యడిగినది. “అమ్మచేతు లెట్లు వచ్చినవో అట్లే” అంటిమి.

ఆ రాత్రి యింట నొడంబడిక కుదిరినది. తప్పిన సబ్జెక్టు పూర్తిచేసి డిగ్రీ ముగింపవలయును. రాత్రి పదునొకండు గంటలకుఁ బరుండవలయును. డిగ్రీ పిమ్మట రెండేండ్లు తండ్రి యడ్డుచెప్పరాదు. పిల్ల దానినిఁ గూడఁ గాగితముపై వ్రాయించి తండ్రిచే సంతకము చేయించినది.

ఆ సబ్జెక్టు పూర్తియైనది. రెండేండ్ల గడువింకను మొదలుకాలేదు. దాని చివర నేమగునో యెవ్వరు చెప్పఁగలరు? సోదరీమణులారా, మీ యింటఁ గూడ నిట్టి బిడ్డ యున్నచో, కసరుటకు ముందొక సాయంకాలము ప్రక్కనఁ గూర్చుండి చూడుఁడు. చదువు మానుమని మాత్రము చెప్పకుఁడు. మొన్న పండుగకు మేము పోయినపుడు మా వదినగారి వంటయింటి గోడపై గోంగూర వలుచు చేతుల పటము వ్రేలాడుచున్నది. పిల్ల యే యచ్చువేయించి తెచ్చినదఁట. ఈ మాఱు రంగులు మసకబాఱలేదు.