తెలుగు ప్రాంతాలలో రాజకీయ సంప్రదాయవాదము

రాజకీయ సంప్రదాయవాదము అనగా సమాజములో పూర్వము నుండి నిలిచియున్న ఆస్తి హక్కులు, మతాచారాలు, కుటుంబ కట్టుబాట్లు, అధికార క్రమము మొదలైనవాటిని ఒక్కసారిగా మార్చరాదని భావించే ధోరణి. దీనినే వాడుకలో మితవాదము అని కూడా అంటారు. ఒకే రాష్ట్రములో కూడా ఇది అన్ని ప్రాంతాలలో ఒకే రూపములో ఉండదు. 1956 నవంబరు 1 నుండి 2014 జూన్ 2 వరకు ఒకే రాష్ట్రముగా ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో కోస్తా సంప్రదాయవాదము ముఖ్యముగా భూమిపై హక్కును ఆశ్రయించినది. ఉత్తర తెలంగాణలో అది మొదట దొరల పెత్తనముగాను, తరువాత మతపరమైన గుర్తింపుగాను కనిపించినది. గోదావరి తీరమున ఉన్న మంథని పట్టణ చరిత్ర ఈ భేదాలను తెలుసుకొనుటకు బాగా ఉపయోగపడుతుంది.

భావన

ఆధునిక సంప్రదాయవాదానికి మూలపురుషునిగా ఎడ్మండ్ బర్క్‌ను పేర్కొంటారు. ఫ్రెంచి విప్లవమును విమర్శిస్తూ ఆయన వ్రాసిన గ్రంథము 1790లో వెలువడినది. ఈ ధోరణిని పరిశీలించేటపుడు మూడు విషయాలను వేరు వేరుగా చూడవలసి ఉంటుంది.

* ఆర్థికము: ఆస్తి హక్కుల పరిరక్షణ, భూసంస్కరణలపై వ్యతిరేకత
* సామాజికము: కులము, ఆచారము, గ్రామ పెత్తనము
* మతపరము: మతమును రాజకీయ గుర్తింపుగా స్వీకరించుట

ఒక ప్రాంతములో వీటిలో ఒకటి బలముగా ఉన్నంత మాత్రాన మిగిలినవి కూడా బలముగా ఉంటాయని చెప్పలేము.

కోస్తా ప్రాంతము

ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణా ఆనకట్ట 1855లోను పూర్తి అయిన తరువాత డెల్టాలలో సాగు విస్తరించి, సొంత భూమి గల రైతువర్గము బలపడినది. ఇక్కడ కమ్యూనిస్టు ఉద్యమము కూడా బలముగానే ఉండేది. అయితే 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికలలో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ కలసి పోటీ చేయగా కమ్యూనిస్టులకు 15 స్థానాలు మాత్రమే దక్కినవి.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సమావేశము సహకార వ్యవసాయమును సమర్థించినది. దీనిని వ్యతిరేకించినవారు రాజాజీ నాయకత్వమున అదే సంవత్సరము స్వతంత్ర పార్టీని స్థాపించారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి.రంగా దానికి అధ్యక్షుడైనాడు. రైతు భూమి రైతుకే ఉండవలెనన్నది ఈ వాదములో ముఖ్యాంశము. ఇందులో మతానికి ప్రాధాన్యము తక్కువ.

ఉత్తర తెలంగాణ

కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 1948 సెప్టెంబరు వరకు నిజాము పాలనలో ఉన్నవి. ఇక్కడ జాగీర్దారులు, దేశ్‌ముఖ్‌లు, గ్రామాలలో దొరలు అధికారము చలాయించేవారు. వెట్టిచాకిరి సాధారణముగా ఉండేది. జాగీర్దారీ పద్ధతి 1949లో రద్దయినా, గడీల పెత్తనము చాలా గ్రామాలలో తరువాత కూడా కొనసాగినది. అందువలన ఇక్కడి పాత సంప్రదాయవాదమునకు ప్రత్యేక పార్టీ గాని, సిద్ధాంత గ్రంథము గాని అవసరము లేకపోయినది. దొర మాటే గ్రామములో శాసనము.

1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర ఈ పరిస్థితిలో పెద్ద మలుపు. అదే సంవత్సరము అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులలో గోండులు మరణించారు. ఆ తరువాతి సంవత్సరాలలో అనేకమంది దొరలు పట్టణాలకు తరలిపోయారు. ఎన్నో గడీలు పాడుపడినవి.

ఇదే కాలములో భారతీయ జనతా పార్టీ కూడా ఇక్కడ కాలూనినది. చెన్నమనేని విద్యాసాగర్ రావు 1985, 1989, 1994లలో మెట్‌పల్లి నుండి శాసనసభకు, 1998, 1999లలో కరీంనగర్ నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. నక్సలైటు ఉద్యమము, హిందూ జాతీయవాదము ఒకే జిల్లాలో పక్కపక్కన పెరిగినవి.

మంథని

మంథని వేదవిద్యకు పేరుపొందిన పట్టణము. దీనికి మంత్రపురి అను పేరు కూడా కలదు. గౌతమేశ్వరాలయము ఇక్కడి ప్రసిద్ధ దేవాలయము. పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ పట్టణము 2016 అక్టోబరు నుండి పెద్దపల్లి జిల్లాలో ఉన్నది. ఆచారవ్యవహారాలలో ఇంత సంప్రదాయము గల పట్టణము రాజకీయాలలో కూడా మితవాదమునే ఎంచుకొని ఉంటుందని అనుకొనుట సహజము. కాని చరిత్ర వేరుగా ఉన్నది.

మంథని నియోజకవర్గము 1957, 1962, 1967, 1972 ఎన్నికలలో పి.వి.నరసింహారావును శాసనసభకు పంపినది. 1971లో ముఖ్యమంత్రి అయిన ఆయన భూపరిమితి చట్టమునకు పూనుకున్నాడు. 1973లో ఒకటవ చట్టముగా వచ్చిన ఈ శాసనము ప్రకారము ఐదుగురు గల కుటుంబానికి పరిమితి, నేల తరగతిని బట్టి, మాగాణి అయితే 10 నుండి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుండి 54 ఎకరాలు. ఇంతలో 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పునివ్వగా కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమము చెలరేగినది. ఉద్యోగాల సమస్య దీనికి తక్షణ కారణము. భూపరిమితిపై పెద్ద భూస్వాముల అసంతృప్తి కూడా దానికి బలమిచ్చినదని పరిశీలకుల అభిప్రాయము. 1973 జనవరిలో ఆయన పదవి నుండి తొలగగా రాష్ట్రపతి పాలన వచ్చినది.

ఈ నరసింహారావే విశ్వనాథ సత్యనారాయణ నవల వేయిపడగలును సహస్రఫణ్ పేరుతో హిందీలోకి అనువదించాడు. పాత ధర్మ వ్యవస్థను ఆదరముతో చిత్రించిన నవలను అనువదించినవాడే భూసంస్కరణలకు పూనుకొనుట గమనించదగినది. సంస్కృతిలో సంప్రదాయము, ఆర్థిక విషయాలలో సంస్కరణ ఒకే మనిషిలో ఇమిడి ఉండవచ్చును. 1984 లోక్‌సభ ఎన్నికలలో హనుమకొండలో ఆయనను ఓడించిన చందుపట్ల జంగారెడ్డి, ఆ ఎన్నికలలో దేశము మొత్తము మీద గెలిచిన ఇద్దరు భాజపా సభ్యులలో ఒకడు.

తరువాత మంథనికి ప్రాతినిధ్యము వహించిన దుద్దిళ్ళ శ్రీపాదరావు శాసనసభ స్పీకరుగా పనిచేశాడు. 1999 ఏప్రిల్ 13న నక్సలైట్ల చేతిలో హతుడైనాడు. ఆయన కుమారుడు శ్రీధర్‌బాబు 1999, 2004, 2009, 2018, 2023లలో కాంగ్రెసు తరఫున గెలిచాడు. 2014లో తెరాస అభ్యర్థి పుట్ట మధుకర్ గెలిచాడు. ఈ స్థానములో భాజపా ఎన్నడూ గెలవలేదు.

ఇటీవలి ఎన్నికలు

2023 శాసనసభ ఎన్నికలలోను, 2024 లోక్‌సభ ఎన్నికలలోను ఉత్తర తెలంగాణ ఓటు మూడు విధాలుగా కనిపించినది.

* ఆదిలాబాదు లోక్‌సభ పరిధి: 7 శాసనసభ స్థానాలలో ఆదిలాబాదు, నిర్మల్, ముధోల్, సిర్పూరు భాజపాకు దక్కినవి. 2024లో లోక్‌సభ స్థానము కూడా ఆ పార్టీదే.
* పెద్దపల్లి లోక్‌సభ పరిధి: మంథనితో సహా 7 శాసనసభ స్థానాలనూ కాంగ్రెసు గెలిచినది. లోక్‌సభ స్థానము కూడా కాంగ్రెసుదే.
* కరీంనగర్ లోక్‌సభ పరిధి: శాసనసభ స్థానాలలో ఒక్కటి కూడా భాజపాకు రాలేదు. కాని కొద్ది నెలల తరువాత ఆ పార్టీ అభ్యర్థి బండి సంజయ్ సుమారు 2 లక్షల 25 వేల ఆధిక్యతతో లోక్‌సభకు గెలిచాడు.

దక్షిణాన, తెలంగాణ సాయుధ పోరాటానికి ముఖ్య కేంద్రమైన నల్గొండలోను, ఖమ్మములోను 2024లో కాంగ్రెసు గెలిచినది. ఆంధ్రప్రదేశ్‌లో అదే సంవత్సరము భాజపాకు లభించిన 3 లోక్‌సభ స్థానాలు కోస్తాలోనివే. అయితే అవి తెలుగుదేశం, జనసేనలతో పొత్తులో వచ్చినవి.

తేడాలకు కారణాలు

పెద్దపల్లి పరిధిలో సింగరేణి బొగ్గు గనులు, కార్మిక సంఘాలు ఉన్నవి. అక్కడి రాజకీయాలలో కూలి, ఉద్యోగము, వారసత్వ నియామకము వంటి విషయాలు ముందుంటాయి. ఆదిలాబాదు పశ్చిమ భాగము మహారాష్ట్ర సరిహద్దున ఉండి మరాఠీ ప్రభావము కలిగియున్నది. భైంసాలో 2008 అక్టోబరులో మతఘర్షణలు జరిగినవి. అయితే ఆదిలాబాదు ఓటు పూర్తిగా మతపరమైనది కాదు. 2019లో అక్కడ భాజపా తరఫున గెలిచిన సోయం బాపూరావు అంతకు ముందు ఆదివాసీ హక్కుల ఉద్యమ నాయకుడు. లంబాడాల రిజర్వేషనుపై ఆదివాసుల అభ్యంతరము అప్పటి ముఖ్య సమస్య.

పోలికలో జాగ్రత్తలు

ఒక పార్టీకి పడిన ఓటును ఒక సిద్ధాంతానికి పడిన ఓటుగా భావించరాదు. కరీంనగర్ ఓటరు కొద్ది నెలల తేడాతో రెండు విధాలుగా ఓటు వేయుట దీనికి నిదర్శనము. అట్లే దేవాలయాలు, వేదవిద్య, ఆచారనిష్ఠ గల ఊరు తప్పక మితవాద పార్టీనే ఎన్నుకుంటుందని కూడా చెప్పరాదు. ఒక ప్రాంతము సంప్రదాయమైనదా కాదా అని అడుగుటకు ముందు, అది దేనిని నిలుపుకొనదలచినదో అడుగవలెను. కోస్తా రైతు నిలుపుకొనదలచినది భూమిని. దొర నిలుపుకొనదలచినది పెత్తనమును. మంథని తన వేదవిద్యను నిలుపుకొనుచునే, భూపరిమితికి పూనుకున్న నాయకుని నాలుగుసార్లు ఎన్నుకున్నది.