రాపిడి – ఉక్కు – రైలు చక్రం

మెండోర గల నిజామాబాదు జిల్లాలోనే కోనసముద్రం ఉన్నది. ఒకప్పుడు ఆ ఊరి ఉక్కు కొరకు పారశీక వర్తకులు వచ్చేవారు. ఉక్కును ఎర్రగా కాల్చి నీట ముంచితే గట్టిపడుతుందని కమ్మరులెరుగుదురు. రైలు చక్రంపైనా ఇదే క్రియ జరుగుతుంది. అయితే అక్కడ అది ప్రమాద హేతువు.

బ్రేకు దిమ్మ చక్రాన్ని ఒత్తగానే రాపిడివలన రైలు వేగం ఉష్ణంగా మారుతుంది. బ్రేకు అతిగా పట్టి, చక్రం తిరగక పట్టాపై జారితే, తాకినచోట ఉష్ణోగ్రత 727 డిగ్రీల సెంటీగ్రేడును మించవచ్చు. అప్పుడు ఉక్కులోని స్ఫటికాల అమరిక మారి, కర్బనం ఇనుములో లీనమవుతుంది. చక్రం మరల కదలగానే లోపలి చల్లని లోహం, నీటివలె, ఆ వేడిని క్షణంలో పీల్చివేస్తుంది. కర్బనానికి విడివడే వ్యవధి ఉండదు. ఫలితంగా ఏర్పడే కఠినమైన పలుచని పొరయే మార్టెన్‌సైట్. జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ (1850–1914) పేరిట దానికా నామం వచ్చింది. ఆమ్లంతో శుద్ధిచేసి సూక్ష్మదర్శినిలో చూస్తే తెల్లగా కనిపిస్తుంది గనుక దానిని తెల్లపొర అనికూడా అంటారు.

ఆ పొర గట్టిదే గాని పెళుసు. బండి బరువుకు బీటలువారి, పెచ్చులుగా ఊడుతుంది. కమ్మరి తన పనిముట్టును తిరిగి కొంచెం కాచి పెళుసుతనం పోగొడతాడు. చక్రానికి ఆ సంస్కారం లేదు. కనుకనే చెడిన చక్రాలను లేతు యంత్రంపై చెక్కి సరిచేస్తారు. కాఠిన్యమొక్కటే బలం కాదు; ఓర్పు కూడా ఉండాలి. ప్రయాణికుల ప్రాణాలు ఆ ఓర్పుపైననే ఆధారపడి ఉన్నవి.