వాయిద్యం లేని విద్వాంసుడు

వైణికుడు ఊరు మారితే వీణ వెంట తీసుకెళ్తాడు. వయొలిన్ విద్వాంసుడికి ఒక పెట్టె చాలు. పాడేవాళ్ళకి అదీ అక్కర్లేదు. మరి ఆర్కెస్ట్రా కండక్టర్ సంగతో? అతని వాయిద్యం మనుషులు. నలభై మంది, డెబ్భై మంది, ఒక్కోసారి వంద మంది. వాళ్ళు ఎదురుగా లేకపోతే చేతిలో మిగిలేది ఒక సన్నటి పుల్ల. తలుపేసుకుని ఒంటరిగా సాధన చేద్దామన్నా కుదరదు.

అలాంటి విద్య నేర్చుకున్న కుర్రాడి దేశంలో అసలు ఆర్కెస్ట్రాయే లేకపోతే ఏమవుతుంది? చూ హోయ్ కథ అదే. సింగపూర్‌లో సంగీతం తెలిసినవాళ్ళకి ఆయన పెద్ద పేరు. మనవాళ్ళలో విన్నవాళ్ళు తక్కువే. నేను కూడా ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాకే విన్నాను.

1934లో సుమత్రా దీవిలో పుట్టాడు. చిన్నతనంలోనే సింగపూర్ చేరాడు. ఇక్కడ గో సూన్ టియో అనే గురువు దగ్గర వయొలిన్ నేర్చుకున్నాడు. ఆ గురువుదీ సుమత్రాయే. యూరప్ వెళ్ళి చదువుకుని వచ్చి, సింగపూర్‌లో రెండు తరాల పిల్లలకి వయొలిన్ నేర్పాడు. పిల్లలతో చిన్న వాద్యబృందాన్ని కూడా నడిపాడు. ఇక్కడి సంగీతచరిత్ర ఎక్కడ తిరగేసినా ఆయన పేరు తగులుతుంది.

1951లో చూ హోయ్ లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరాడు. ఆ తర్వాత ఇగోర్ మార్కెవిచ్ లాంటి పేరున్న కండక్టర్ దగ్గర శిష్యరికం. 1950ల చివర్లో బెల్జియంలో మొదటిసారి కండక్టర్‌గా వేదికెక్కాడు. 1960ల చివరి నుంచి దాదాపు పదేళ్ళు గ్రీస్ జాతీయ ఒపేరాలో ముఖ్య కండక్టర్. లెక్కేస్తే పాతికేళ్ళకి పైగా యూరప్‌లోనే. సొంతూరి మీద ప్రేమ లేక కాదు. ఊళ్ళో ఆయన వాయిద్యం లేదు, అంతే.

ఊరిని మాత్రం ఏమనగలం? ఆయన ఓడెక్కేనాటికి సింగపూర్ ఇంకా బ్రిటిష్ వలస. 1965లో స్వతంత్ర దేశం అయ్యేసరికి ఇళ్ళు కట్టాలి, ఉద్యోగాలు చూపించాలి, తాగే నీళ్ళ సంగతి చూడాలి. అలాంటప్పుడు బీథోవెన్ ఎవరిక్కావాలి?

కావాలన్నది మరెవరో కాదు, గో కెంగ్ స్వీ. కళాకారుడేమీ కాదు, ఆర్థికవేత్త. జురాంగ్ చిత్తడినేలల్ని పారిశ్రామికవాడగా మార్చిన మనిషి, రక్షణ మంత్రిగా సైన్యాన్ని నిలబెట్టిన మనిషి. సింగపూర్‌కి ఇంకా ఒక సింఫనీ ఆర్కెస్ట్రా లేకపోవడం సిగ్గుపడాల్సిన విషయమేనని 1970లలో ఆయనే అన్నాడు. పైసా పైసా లెక్కచూసే మంత్రి నోట ఆ మాట రావడం నాకు భలే నచ్చింది.

అలా 1979 జనవరి 24న, షెంటన్ వే దగ్గరున్న సింగపూర్ కాన్ఫరెన్స్ హాల్లో సింగపూర్ సింఫనీ ఆర్కెస్ట్రా మొదటి కచేరీ జరిగింది. వాద్యకారులు 41 మంది. ముందు నిలబడింది చూ హోయ్. అప్పటికి ఆయనకి 44 ఏళ్ళు. అదే ఏడాది మొదలైన కల్చరల్ మెడాలియన్ పురస్కారం అందుకున్న తొలి వరుసలో ఆయనా ఉన్నాడు.

ఇంతకీ కండక్టర్ చేసేదేంటి? చేతులు ఊపడమేగా అని మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి వాద్యకారుడి ముందూ ఉండేది అతని భాగం మాత్రమే. అందరి భాగాలూ ఒకేచోట రాసున్న పుస్తకం కండక్టర్ ముందు ఉంటుంది. ఇంకో చిక్కు: శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే వెళ్తుంది. వేదిక ఒక చివర మోగిన దెబ్బ పదిహేను మీటర్ల అవతలి మనిషికి సెకనులో దాదాపు ఇరవయ్యో వంతు ఆలస్యంగా వినబడుతుంది. చెవుల్నే నమ్ముకుంటే తాళం జారుతుంది. అందుకే కళ్ళు ఆ పుల్ల మీద ఉండాలి. కుడిచెయ్యి కాలం చెబుతుంది. ఎవరు ఎప్పుడు అందుకోవాలో, ఎంత తగ్గాలో ఎడమచెయ్యి చెబుతుంది. అసలు పనంతా రిహార్సల్‌లోనే అయిపోతుంది, మనం టికెట్ కొని చూసేది దాని ఫలితం.

మన కచేరీకి ఈ మనిషి అవసరం పడలేదు. గాయకుడి తొడ మీద తాళం, పక్కనే మృదంగం, కళ్ళతోనే మాటలు. కానీ మనవాళ్ళూ ఆ దారి తొక్కారు. ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి, మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసి, తర్వాత ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపించాడు. ఎవరికివారు మనోధర్మంతో వాయించుకునే విద్వాంసుల్ని కూర్చోబెట్టి, అందరిచేతా ఒకటే మాట పలికించడమంటే సామాన్యమా!

చూ హోయ్‌ది వేరే కష్టం. ఆయనకి ముందు మనుషులే లేరు. వాద్యకారుల్లో చాలామందిని బయటిదేశాల నుంచి తేవాల్సి వచ్చింది. మన డబ్బుతో పరాయివాళ్ళని పోషించడమెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఊళ్ళో ఆర్కెస్ట్రా ఉంటేనే వయొలిన్ నేర్చుకునే పిల్లాడికి, దాంతో బతకొచ్చన్న నమ్మకం కలుగుతుంది. లేకపోతే వాడూ చూ హోయ్‌లాగే ఓడెక్కాలి.

1980లో ఎంప్రెస్ ప్లేస్‌లోని పాత స్మారక మందిరం విక్టోరియా కాన్సర్ట్ హాల్‌గా మారి ఆర్కెస్ట్రాకి ఇల్లయింది. యూరప్ పెద్దల రచనలతోపాటు చైనా, సింగపూర్ స్వరకర్తలవీ చూ హోయ్ పట్టుబట్టి వాయింపించాడు. 1996 దాకా, అంటే పదిహేడేళ్ళు, ఆ బాధ్యత మోశాడు. తర్వాత వచ్చిన లాన్ షుయ్ 2014లో అదే బృందాన్ని లండన్ బీబీసీ ప్రామ్స్ వేదిక ఎక్కించాడు. చూ హోయ్ చదువు కోసం వెళ్ళిన ఊరికే, ఆయన కట్టిన ఆర్కెస్ట్రా కచేరీ చెయ్యడానికి వెళ్ళింది.

ఇప్పుడు బొటానిక్ గార్డెన్స్‌లో, చెరువు మధ్య వేదిక మీద ఈ ఆర్కెస్ట్రా ఉచితంగా కచేరీలు చేస్తుంది. చాపలు పరుచుకుని, డబ్బాల్లో తెచ్చుకున్న పులిహోర తింటూ విన్నాం మేము ఓసారి. పక్కచాప మీద పిల్లలు పుల్లలు పట్టుకుని గాల్లో ఊపుతున్నారు.

సినిమా పాట మీద ప్రాణాలు పెట్టుకునే మన జాతికి, పాట వెనకున్న వయొలిన్ వరుసలో ఒక్కరి పేరైనా తెలుసా? ఆ పని ఇప్పుడు చాలావరకు కంప్యూటరే చేసేస్తోంది. ఆ వరుసలో కూర్చోవాలనుకునే పిల్లాడు రేపు హైదరాబాద్‌లోనో విశాఖలోనో పుడితే, వాడికి కుర్చీ వేసి ఉంచేదెవరు? ఇక్కడ ఒక ఆర్థికవేత్త ఆ ప్రశ్న వేసుకున్నాడు, ఒక కండక్టర్ పదిహేడేళ్ళు నిలబడి జవాబు చెప్పాడు. మన దగ్గర ఆ ప్రశ్న ఇంకా ఎవరూ గట్టిగా అడిగినట్టు లేదు.